కొండని తిప్పిన పటం

మూడో రోజుకి ఆ గొడవ వంటింటి అలమారాలో మూడో అర దాకా వచ్చింది.

"బొమ్మ పైకి ఉండేలా పరిస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు అప్పలనరసయ్య, స్టూలు పక్కనే నిలబడి.

"అక్కడ నూనె డబ్బా పెడతాను. బొమ్మ మీద జిడ్డు పడితే మల్లా మీరే గోల పెడతారు," అంది పైడమ్మ స్టూలు దిగకుండానే. "నిన్న కిందకి తిప్పితే తప్పయింది. ఇయాల పైకి తిప్పితే తప్పవుద్ది. మీకు కావలసింది గోల, బొమ్మ కాదు."

"అసలు డబ్బాల కింద ఎందుకు పరవాలి దాన్ని?"

"మందం కాయితం. నీళ్లు పడినా నానదు. ఆరేళ్ల నుంచి మంచం కింద కట్టలు కట్టలుగా పడి ఉంది. ఎవులు సూసినారు దాన్ని?"

ఆ చివరి మాట అప్పలనరసయ్యకి గుచ్చుకుంది. పొయ్యి దగ్గర దిబ్బరొట్టె కాలుస్తున్న వకుళ అట్లకాడ ఆపి మావగారి వైపు చూసింది. ఎనభై ఏళ్ల మనిషి. డబ్బాల కింద పరిచిన ఆ కొండ మ్యాపు గీసింది ఆయనే.

విజయనగరం నుంచి డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం మీద ఉత్తరాఖండ్ వచ్చినవాడు, శ్వేతధార కొండ మీద స్కీ రిసార్టు పెట్టిన కొత్తలో అక్కడే కుదురుకున్నాడు. రెండు శీతాకాలాలు కొండంతా కాళ్లతో తిరిగి, మూడో శీతాకాలం కూర్చుని నీటిరంగుల్లో వేశాడా బొమ్మ. పద్నాలుగు జారుదారులు, ఐదు లిఫ్టులు, దేవదారు చెట్ల గుంపులు ఒక్కటి వదలకుండా. టికెట్టుతో పాటు మడతపెట్టి చేతికిచ్చేవారు. స్కీలు కట్టుకున్న ప్రతి మనిషి జేబులోనూ ఉండేది. ఆరేళ్ల కిందట రిసార్టు దాన్ని ముద్రించడం మానేసింది. గోదాములో మిగిలిన కట్టల్ని పాతకాగితాలవాడికి వేసేస్తుంటే ముసలాయన అడ్డం పడి ఇంటికి మోసుకొచ్చుకున్నాడు.

వేసేయమన్న ఉత్తర్వు మీద సంతకం ఆయన కొడుకు గౌరీశంకర్‌ది. రిసార్టు మేనేజరు. ఇక మ్యాపు అక్కర్లేకుండా చేసిన వస్తువు కనిపెట్టినవాళ్లలో మొదటి పేరు కోడలు వకుళది. ఆ ఇంట్లో ఈ రెండు సంగతులూ అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. డబ్బాల గురించి దెబ్బలాడుకుంటారు.

"సంతకెళ్లొస్తాను," అన్నాడు అప్పలనరసయ్య ఓడిపోయినవాడిలా. గుమ్మం పక్క ఛార్జింగు పలక మీంచి ఉలవగింజంత నల్ల బిళ్లని తీసి కుడి చెవి వెనక అంటించుకున్నాడు. మెట్లు దిగాక క్షణం ఆగాడు. ఎవరో భుజం పట్టుకుని మెల్లగా తిప్పినట్టు ఆయన ఒళ్లు ఎడమకి వాలింది, ఆ వాలునే పట్టుకుని నడక సాగింది. నిన్న కురిసిన మంచుకి కుడివైపు సందు మూసుకుపోయిందని ఆయన చూడనే లేదు. గింజకి తెలుసు.

అంతే దాని పని. తెర లేదు, గొంతు లేదు. చెవి లోపల ఒంటిని నిలబెట్టే నరాన్ని సున్నితంగా కదిలిస్తుంది. ఎటు వెళ్లాలో అటు మనిషే వాలతాడు. తనకే అలా అనిపించిందనుకుంటాడు.

"తరళా, స్టోరు గదిలోంచి ఆవకాయ జాడీ పట్రా," అంది వకుళ.

తరళకి పదహారు. ఏడో ఏట నుంచీ ఈ క్వార్టర్సులోనే పెరిగింది. పుస్తకం బోర్లా పెట్టి లేచింది, నడవాలోకి వెళ్లింది, ఆగింది. చెయ్యి చెవి వెనక్కి పోయి తడుముకుంది. అక్కడేమీ లేదు. నడవాలో నాలుగు తలుపులు. ఒకటి తెరిచింది. స్నానాలగది. మూసి ఇంకోటి తెరిచింది.

"ఏటే, జాడీ మీ తాత మంచం మీద తొంగుందా?" అంది పైడమ్మ స్టూలు మీంచి. సోఫాలో ఉన్న గౌరీశంకర్ పకపకా నవ్వాడు.

"గింజ ఛార్జింగులో ఉంది నాన్నమ్మా," అంది తరళ. కరెంటు లేకపోతే ఫాను ఎలా తిరుగుతుంది అన్నంత మామూలుగా అంది. తనూ నవ్వింది.

వకుళ నవ్వలేదు. పెనం మీద రొట్టె మాడుతోంది. తొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో ఉన్న కూతురు మూడో తలుపు దగ్గర నిలబడి, తియ్యాలా వద్దా అని ఆలోచించడం ఆమె చూస్తోంది.

*

సోమవారం పొద్దున్న వకుళ ల్యాబులో అడుగు పెట్టగానే పాత పరీక్షల దస్త్రం తీసింది. ఏముందో తెలుసు. రాసింది తనే.

నలభై రెండు మంది. అందరూ కొండ గస్తీవాళ్లు. రెండు శీతాకాలాలు రాత్రీ పగలూ గింజ పెట్టించింది. తరవాత ఒక రోజు గింజలు తీసేసి, తలకి గుడ్డసంచీ తొడిగి, ఒక్కొక్కరినీ కొండ మీద ఒక్కో చోట వదిలింది. నలభై రెండు మందీ తిరిగొచ్చారు. ఇరవై నిమిషాలకి మించి పట్టినవాడు లేడు. దేవేందర్ నేగీ అయితే దారిలో టీ తాగి మరీ వచ్చాడు. 'గింజ వాడకం వల్ల దారి గుర్తుంచుకునే శక్తికి ఏ నష్టమూ లేదు' అని రాసి కింద పేరు పెట్టింది. ఆ సాయంత్రమే మైసూర్‌పాకు చేసి, ఏడేళ్ల కూతురి చెవి వెనక తన చేత్తో గింజ అంటించింది. పిల్ల గిలిగింతలకి నవ్వితే ఫోటో తీసింది.

వకుళ ఆ నలభై రెండు పేర్లూ మళ్లీ చదివింది. చివరిదాకా వచ్చి మళ్లీ మొదటి పేరు మీద వేలు పెట్టింది.

అందరూ మావగారు తర్ఫీదు ఇచ్చిన మనుషులు.

గస్తీకి ఆయన పెట్టిన ఒక పద్ధతి ఉండేది. పొద్దున్న మొదటి లిఫ్టు కదిలే ముందు అందరూ వరసలో నిలబడాలి. స్కీ కర్రతో మంచు మీద కొండ మొత్తం గియ్యాలి. ఏ వాలు, ఏ చెట్టు, నిన్న ఎక్కడ మంచు జారింది, ఇవాళ ఏ దారి మూత. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ, నచ్చకపోతే బూటుతో చెరిపేసి "మల్లా గియ్యి" అనేవాడు. సరిగ్గా గీసినవాడే కొండ ఎక్కాలి. ఇరవై రెండేళ్లు ఒక్క రోజు తప్పకుండా జరిగింది. గింజ వచ్చాక, వకుళ నివేదిక చూపించే, ఆ పద్ధతి టైము దండగ అని ఎత్తేశారు.

చేపల్ని ఒడ్డుకి తెచ్చి, కాసేపుంచి, మళ్లీ నీళ్లలో వదిలి, ఈత మర్చిపోలేదని రాసుకుంది తను. ఆ కాగితం చూపించి ఊళ్లో పిల్లలెవరికీ ఈత నేర్పనక్కర్లేదన్నారు. కొండని ఒంట్లో ఇంకించుకున్నవాళ్ల నుంచి గింజ దేన్నీ తీసుకోలేదు. ఇంకా ఇంకనివాళ్ల సంగతి ఆమె అడగనే లేదు. అడగడానికి ఇంట్లోనే ఒక పిల్ల ఉంది.

ఈ ఏడు చేరిన కుర్రగస్తీ ఆరుగురిని పిలిచి తలో కాగితం ఇచ్చింది. కొండ గియ్యమంది. ఒకడు పైన లిఫ్టు, కింద లాడ్జి, మధ్య నిలువు గీత గీసి ఇచ్చాడు. పూనమ్ అనే అమ్మాయి చాలాసేపు కలం పట్టుకు కూర్చుని, "ఏ వైపు నుంచి మేడం?" అని అడిగి, ఖాళీ కాగితం ఇచ్చేసింది. కొండని కాపాడడానికి జీతం తీసుకునే మనుషులు. వాళ్ల తప్పు ఇసుమంతైనా లేదు.

ఆ కాగితాలు డైరెక్టరు నౌటియాల్ మేడం బల్ల మీద పరిచింది వకుళ.

"అక్కర్లేని పని బుర్ర మానేస్తే అది నష్టమెలా అవుతుంది వకుళ గారూ?" అంది ఆవిడ, ఓపిగ్గా. "ఇప్పుడు ఫోను నంబర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారు?"

"ఫోను నంబరు మర్చిపోయినా ఇంటికి రాగలం మేడం."

"గింజ ఉంటే ఇంకా తొందరగా వస్తాం. చూడండి, శుక్రవారం పదింటికి మీ భద్రతా సంతకం కావాలి. నలభై ఊళ్ల బడులు ఎదురు చూస్తున్నాయి. ఐదేళ్ల పిల్లల సైజు చేశాం, చూశారా? పసుపు రంగు." ఆవిడ సొరుగులోంచి ఒకటి తీసి వకుళ అరచేతిలో పెట్టింది. పెసరగింజంత ఉంది. "ముద్దుగా లేదూ?"

వకుళ దాన్ని బల్ల మీద పెట్టేసి బయటికొచ్చింది. తలుపు గట్టిగా పడింది. పడితే పడిందనుకుంది.

*

బుధవారం పదకొండు గంటలకి గింజలకి సంకేతాలు పంపే టవరు మీద మంచు పేరుకుని అవన్నీ మూగపోయాయి.

సైరను విని వకుళ లిఫ్టు మొదట్లోకి పరిగెత్తింది. పెద్దవాళ్లు కొందరు గొణుక్కుంటూ దిగి వస్తున్నారు. కొండ మీద తరళ బడి స్కీ జట్టు ఉంది, పదకొండు మంది పిల్లలు. వాళ్లు రాలేదు. కుర్రగస్తీ పైకి వెళ్లడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు. ఎటు వెళ్లాలో తెలియక నిలబడి ఉన్నారు. దేవేందర్ నేగీకి అరవై ఒకటి, ఇప్పుడు టికెట్లు చింపే పనిలో ఉన్నాడు. టికెట్ల కట్ట కౌంటరు మీద విసిరి, ఎవరివో స్కీలు లాక్కుని ఎక్కేశాడు.

నలభై నిమిషాలు. అప్పలనరసయ్య శాలువా కప్పుకుని వచ్చి కోడలి పక్కన నిలబడ్డాడు.

నేగీ వాళ్లని వరసగా, బాతుపిల్లల్లా వెంటబెట్టుకుని దిగాడు. తరళ పెదాలు నీలంగా ఉన్నాయి.

"మేం కూర్చున్నాం అమ్మా," అంది. "కదిలితే ఎటెళ్తామో తెలీదు కదా. అందుకని కూర్చున్నాం."

"ఎక్కడ దొరికారు?" అని అడిగింది వకుళ నేగీని.

"వెనక వాలులో బేటీ. చీలిన దేవదారు దగ్గర. లిఫ్టు అక్కణ్నించి రెండు వందల అడుగులు కూడా లేదు. గట్టుకి అవతలే." నేగీ మొహం ఎర్రబడి ఉంది, చలికి కాదు. "మోటారు చప్పుడు వినబడుతుంది అక్కడికి."

"వినబడింది," అంది తరళ. "అది ఎక్కడుంటుందో తెలీలేదు."

అప్పలనరసయ్య శాలువాలోంచి మడతపెట్టిన మ్యాపు తీసి విప్పాడు. మూడో అరలోంచి లాక్కొచ్చినట్టున్నాడు, అంచున నూనె మరక ఉంది. బొమ్మలో వెనక వాలు ముందుకి తిరిగి ఉంది, దుప్పటి కొసని మడిచి పైకి తెచ్చినట్టు. నిజానికి అది ఎటునుంచీ అలా కనబడదు.

"తప్పుగా గీసేవని అప్పట్లో ఇంజనీర్లు నవ్వినారు," అన్నాడు మనవరాలితో. "కొండ అలగ ఉండదు, నిజమే. ఆ చోట నిలబడితే లిఫ్టు అగుపడదు, మనిషి భయపడతాడు. ఇది చూసుకున్నోడు భయపడడు. చీలిన సెట్టుకి ఎడం పక్క ఎక్కితే సాలు. ఆ ఒక్క చోటు కోసమే కొండని తిప్పినానమ్మా."

తరళ మ్యాపుని చూసింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. బొమ్మ బాగుందంది. అందులో తను ఎక్కడ కూర్చుందో చూపించమంటే వేలు ఆకాశం మీద పెట్టింది.

*

గురువారం సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతూ వకుళ అడిగింది. "నోటీసు నువ్వే రాశావా?"

"ఏ నోటీసు?" అన్నాడు గౌరీశంకర్, తెలిసే.

"'సాంకేతిక అంతరాయం నలభై నిమిషాలు. ఎవరికీ ఏమీ కాలేదు.'"

"కాలేదుగా. టవరుకి హీటరు పెట్టిస్తున్నాం. ఇంకో టవరు కూడా అడిగాను. ఇంకేం చెయ్యమంటావు?"

"నీ కూతురు రెండు వందల అడుగుల దూరంలో గడ్డకట్టుకుపోతూ కూర్చుంది."

"అందరూ అలాగే కూర్చున్నారు, పదకొండు మంది. అదొక్కతే కాదు."

"అదేగా నేననేది." వకుళ చేతిలోని చొక్కా మంచం మీదకి విసిరింది. తరళని పిలిచి, లెక్కల పుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చింది. "మన ఇల్లు గియ్యి."

తరళ తండ్రి వంక చూసి, నేల మీద బోర్లా పడుకుని గీసింది. శ్రద్ధగానే గీసింది. ఐదు పెట్టెలు వచ్చాయి. ఒక దాంట్లో పొయ్యి, ఒక దాంట్లో తన మంచం, దాని మీద ఎర్ర దుప్పటి గళ్లతో సహా. ఏ పెట్టే ఇంకో పెట్టెని తాకలేదు. నడవా లేదు.

"ఇవన్నీ ఎలా కలుస్తాయి తల్లీ?" అన్నాడు గౌరీశంకర్.

"నడుస్తుంటే వచ్చేస్తాయి కదా నాన్నా."

వకుళ పిల్లని పంపించేసింది. తరవాత గౌరీశంకర్ మాట్లాడాడు. భయపడ్డ మనిషి మాట్లాడినట్టే మాట్లాడాడు.

"పరీక్ష నీదే కదా వకుళా. సంతకం నీదే. నష్టం లేదని నువ్వు రాస్తేనే నేను మ్యాపులు ఆపించాను. నాన్న మొహం చూడలేక నెల రోజులు వేరే దారిన ఆఫీసుకి వెళ్లాను. ఇప్పుడు నా మీద విరుచుకుపడతావేం?"

"అవును, నాదే."

"రేపు నువ్వు పెట్టకపోతే ఇంకొకళ్లు పెడతారు. మనకి మాత్రం ఉద్యోగాలుండవు. ఈ ఇల్లు కంపెనీది."

"ఏ ఇల్లు?" వకుళ ఆ కాగితం అతని మొహం ముందు పెట్టింది. "ఇదా?"

ఆ మాట అనేశాక కోపం దిగుతుందనుకుంది. దిగలేదు. నౌటియాల్ మీద కోపం, నోటీసు రాసిన మొగుడి మీద కోపం. మైసూర్‌పాకు చేసుకున్న తన మీద ఉన్న కోపం ముందు అవి చాలా చిన్నవి. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక బట్టలన్నీ మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టింది.

తరళ తలుపు దగ్గరే ఉంది, ఎంతసేపటి నుంచో.

"అమ్మా, అది నాకు మళ్లీ వస్తుందా? అంటే, తాతకి ఉన్నట్టు."

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది వకుళ. తల్లులు చెప్పే అబద్ధమే, సులువైనదే. కానీ ఇలాంటి సులువైన వాక్యం ఒకటి అప్పటికే రాసి ఉంది తను.

"తెలీదమ్మా. నేను ఆ పరీక్ష చెయ్యలేదు."

తరళ తల ఊపింది. చెవి వెనక చెయ్యి పెట్టి గింజ ఊడదీసి, ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, మడతపెట్టిన బట్టల మీద పెట్టింది. గోడ పట్టుకుని తన గదికి బయల్దేరింది. మొదటి తలుపు తప్పు. రెండోది తప్పు. గౌరీశంకర్ లేవబోతే వకుళ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరూ కూర్చుని, తలుపులు తెరుచుకుని మూసుకోవడం విన్నారు. నాలుగో తలుపు మూసుకున్నాక ఇంక చప్పుడు రాలేదు. గౌరీశంకర్ దిండులో మొహం పెట్టుకున్నాడు.

*

శుక్రవారం ఎనిమిదింటికి పైడమ్మ అందరికీ ఉప్మా పెట్టింది. నూనె డబ్బా గట్టు మీదకి చేరింది. అలమారా మూడో అర వట్టిగా ఉంది. మ్యాపు భోజనాల బల్ల మీద, బొమ్మ పైకి, పరిచి ఉంది. దాని చుట్టూ కంచాలు పెట్టింది ఆవిడ. అప్పలనరసయ్య అది చూసి, పెళ్లాం మొహం చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తినండి," అంది పైడమ్మ. "సల్లారిపోతాది."

తరళ కంచంలో చెయ్యి పెట్టకుండా మ్యాపు మీదకి వంగి ఉంది. చీలిన దేవదారు మీద వేలు పెట్టి, మెల్లగా ఎడం పక్కకి జరిపి, గట్టు దాటించి, ఆపింది. తాత వంక చూసింది.

"అది లాడ్జి, లిఫ్టు కాదు," అన్నాడు ఆయన. "మల్లా."

తరళ వేలు వెనక్కి తెచ్చింది.

వకుళ మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"పదింటికి నేను సంతకం పెట్టడం లేదు. నా పరీక్ష తప్పు, దాని కింద ఉన్న పేరు నాది, పిల్లలకి గింజ పెట్టొద్దు అని రాసి నలభై ఊళ్ల బడులకీ పొద్దున్నే పంపేశాను. ఈ ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యమంటారు. చేద్దాం." గౌరీశంకర్ వైపు చూసింది. అతను తల ఎత్తలేదు, కానీ కంచం తోసేసి లేవలేదు. "ఎక్కడికెళ్లినా తరళ ముందు నడుస్తుంది, మనం వెనక నడుస్తాం. మావయ్యా, మీరు కూడా. దారి చెప్పకూడదు. అది తప్పితే అందరం తప్పుదాం."